జడబిళ్ళ జోలికెళ్ళిన లామా

మొన్న ఒడిశాలోని చంద్రగిరి టిబెటన్ల కాలనీ నుంచి ఒక టిబెటన్ ముసలావిడ మా కొట్టుకొచ్చింది. చలికాలంలో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్ముతుంది, పర్లాకిమిడిలో చాలామందికి తెలిసిన మొహమే. నడుముకి కట్టుకున్న చారల గుడ్డలోంచి వెండి బిళ్ళ తీసింది. మధ్యలో ఫిరోజా రాయి, వెనక కొక్కెం ఊడిపోయింది.

"మా అమ్మది బాబూ. కరిగించకు, అతికించు చాలు" అంది ఒడియాలో.

"అలాగే మౌసీ" అని కూర్చోబెట్టాను. ఫిరోజాకి సెగ తగిలితే రంగు చెడిపోతుంది. రాయి ఊడదీసి, కొక్కెం అతికి, మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ ఆవిడ చూపు నా పటకారు మీదే.

ఆ రాత్రి మా అబ్బాయి "నాన్నా, లామాలు మంత్రులవుతారా?" అన్నాడు. జిరంగ్ గొంపా, అదే బౌద్ధ లామాల మఠం, చూసొచ్చిన దగ్గర్నుంచీ వాడికి ఇవే ప్రశ్నలు. ఫోన్‌లో వెతుకుతుంటే మంగోలియా లామా ఒకాయన దొరికాడు. పేరు బోడో. పేరుకి తగ్గ బోడిగుండు అని మావాడు ఒకటే నవ్వు.

1885లో పుట్టాడు. ఉర్గాలో, అంటే ఇప్పటి ఉలాన్‌బాతర్‌లో, రష్యన్ కాన్సులేట్ వాళ్ళ దుబాసీల బడిలో పాఠాలు చెప్పేవాడు. మఠం నుంచి పారిపోయొచ్చి, తర్వాత మంగోలియాని ఏలిన చోయ్‌బల్సాన్ చదివిందీ ఆ బడిలోనే. 1920లో చైనా పట్టు నుంచి బయటపడేందుకు రష్యా సాయం అడగబోయిన ఏడుగురిలో ఈ ఇద్దరూ ఉన్నారు. 1921 ఏప్రిల్‌లో బోడో ప్రధానమంత్రి అయ్యాడు. తమాషా ఏంటంటే, విప్లవం వచ్చినా సింహాసనం మీద బోగ్డ్ ఖాన్ అనే లామా రాజే ఉన్నాడు.

ఇక నా వృత్తికి తగిలే సంగతి. పాతకాలపు పోకడలు పోవాలని బోడో మనుషులు ఆడవాళ్ళ నగలు, జుట్టు అలంకారాలు బలవంతంగా కత్తిరించారట. అక్కడి పెళ్ళైన ఆడవాళ్ళు జుట్టుని రెక్కల్లా పరిచి వెండి పట్టీలతో బిగించుకునేవాళ్ళు. ఎంత పనితనం! జనం భగ్గుమన్నారు. 1922 జనవరిలో ఆరోగ్యం బాగోలేదని బోడో రాజీనామా చేశాడు. ఆయన తర్వాత కుర్చీ ఎక్కినాయన కూడా లామానే, దమ్‌దిన్‌బజార్ అని, అవతార పురుషుడిగా కొలిచేవారు. బోడో మీద కుట్ర కేసు పెట్టి అదే ఏడాది ఆగస్టు 31న కాల్చేశారు. అప్పటికి ఇంచుమించు ముప్ఫై ఏడేళ్ళు. కుట్ర సంగతి ఎలా ఉన్నా, జనంలో ఆయన పని ఆ కత్తెరతోనే అయిపోయిందని నా అనుమానం.

నేనూ తక్కువ తినలేదు. అక్క పెళ్ళికి బంగారం చాలకపోతే, "ఈ రోజుల్లో ఇది ఎవరు పెడుతున్నారే" అని అమ్మ జడకి పెట్టుకునే నాగరం కుంపట్లో పెట్టింది నేనే. అమ్మ ఒక్క మాటా అనలేదు. ఆ రోజు సాయంత్రం తల మాత్రం దువ్వుకోలేదు.