మా పాప పాలపళ్ళు పుచ్చిన సంగతి

మా పాపకి రెండేళ్ళు నిండిన కొత్తలో పైన ముందు పళ్ళు నాలుగూ చిగురు దగ్గర గోధుమరంగుకి తిరిగాయి. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అన్నవాళ్ళే ఎక్కువ. కొన్నాళ్ళకి ఒక పంటి పైన చిగురు మీద చీముపొక్కు లేచింది, ఇక చల్లటి నీళ్ళు తగిలినా ఏడుపే, ముద్ద పెడితే ముందు పళ్ళకి తగలకుండా పక్కకి తోసుకుని నమిలేది, రాత్రి నిద్ర లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్.

పిల్లల డెంటిస్ట్ పెదవి ఎత్తి చూడగానే, "రాత్రి సీసా నోట్లో పెట్టుకునే పడుకుంటుందా?" అని అడిగారు. అవును, పాలు తాగుతూనే నిద్రపోయేది. పాలల్లో మనం చక్కెర వేయకపోయినా వాటిలో సహజంగా చక్కెర ఉంటుంది, నోట్లోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చి పంటి పైపొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పగలైతే లాలాజలం కడిగేస్తూ ఉంటుంది, నిద్రలో అది బాగా తగ్గిపోతుంది, పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్ళని నాలుక కాపాడుతుంది కాబట్టి మా పాపకి అక్కడ మచ్చ కూడా లేదు.

చీము పట్టిన పన్ను తీసేశారు. దాని పక్కవాటికి రూట్ కెనాల్ లాంటి చికిత్స చేసి తెల్ల క్యాపులు వేశారు, మిగతా పళ్ళకి ఫ్లోరైడ్ వార్నిష్ (పంటి పైపొరను గట్టిపరిచే పూత) పూశారు. అన్నిటికన్నా కష్టమైంది సీసా మాన్పించడం. పాలల్లో రోజురోజుకీ నీళ్ళు పెంచుతూ చివరికి ఉత్త నీళ్ళే ఇచ్చాం, పాలు మాత్రం కప్పుతో, పళ్ళు తోమకముందే. కొన్ని రాత్రులు చాలా ఏడ్చింది పాపం.

చంటిపిల్లలున్నవాళ్ళు దయచేసి అప్పుడప్పుడూ పై పెదవి ఎత్తి చూడండి. పుచ్చు గోధుమరంగుతో మొదలవదు, చిగురు అంచున సుద్దలా తెల్లటి గీత వస్తుంది, ఆ దశలో దొరికితే ఫ్లోరైడ్‌తోనే ఆపొచ్చు, డ్రిల్లింగ్ అక్కర్లేదు. మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి డెంటిస్ట్‌కి చూపించాలి. పన్ను వచ్చిన రోజు నుంచే తోమాలి, మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్ట్ చాలు. ఊడిపోయే పళ్ళే అంటారా, వెనక పాలదవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉంటాయి, నమలడానికీ కింద వచ్చే పళ్ళకి చోటు ఉంచడానికీ అవే ఆధారం.

ఇప్పుడు పాప మళ్ళీ కొరికి తింటోంది. మొన్నటి చెకప్‌లో దవడ పంటి మీద మొదలైన తెల్లమచ్చ గట్టిపడి ఆగిపోయిందనీ, కొత్త పుచ్చు ఏదీ లేదనీ డాక్టర్ గారు చెప్పారు.