ప్రోస్టేట్ పెరుగుదల: హార్మోన్ ఒక్కటే కారణమా?

వయసు పైబడే కొద్దీ మగవారిలో పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గుతూ వస్తుంటే, దాని మీదే ఆధారపడిన ప్రోస్టేట్ గ్రంథి మాత్రం ఎందుకు పెద్దదవుతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. క్యాన్సర్ కాని ఈ పెరుగుదలకు హార్మోన్ తప్పనిసరి అన్న మాటలో సందేహం లేదు. టెస్టోస్టెరాన్ తనకన్నా బలమైన రూపమైన డీహెచ్‌టీగా మారకుండా అడ్డుకునే ఫినాస్టెరైడ్ అనే మందు వాడితే గ్రంథి కొంత తగ్గుతుంది కూడా. కానీ తప్పనిసరి కావడం వేరు, అదొక్కటే సరిపోవడం వేరు.

పెరిగిన గ్రంథి ముక్కను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే, చాలామందిలో టి కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు గుంపులుగా కనిపిస్తాయి. ఫినాస్టెరైడ్ లాంటిదే అయిన డుటాస్టెరైడ్‌పై జరిగిన రెడ్యూస్ అనే పరీక్షలో, మొదట్లో తీసిన బయాప్సీలలో నాలుగింట మూడు వంతులకు పైగా దీర్ఘకాలిక శోథ (ఇన్‌ఫ్లమేషన్) కనిపించింది. ఈ రోగనిరోధక కణాలు విడుదల చేసే ఐఎల్-17 వంటి సంకేత రసాయనాలు చుట్టుపక్కల కణాల చేత ఐఎల్-6, ఐఎల్-8 అనే అలాంటి రసాయనాలనే తయారు చేయిస్తాయి. అవి కణజాలాన్ని పెరగమని ప్రేరేపిస్తూనే మరిన్ని రోగనిరోధక కణాలను రప్పిస్తాయి. గాయం మానే ప్రక్రియ ఆగవలసిన చోట ఆగకుండా సాగిపోవడం లాంటిదిది.

మరి ఆ కణాలు అక్కడికి ఎందుకు చేరుతున్నాయి? సూక్ష్మజీవులు, గ్రంథిలోకి వెనక్కి చిమ్మే మూత్రం, ఊబకాయం వంటివి కొన్ని కారణాలు కావచ్చు. శరీరం తన ప్రోస్టేట్‌నే పరాయిదిగా భావించడం ఇంకొకటి, నాకు అన్నింటికన్నా ఆసక్తికరంగా తోచేది ఇదే. సొంత ప్రొటీన్లను గుర్తించి వదిలేయడం టి కణాలకు ఛాతీలోని థైమస్ గ్రంథిలో అలవడుతుంది. అందుకు తోడ్పడే ఎయిర్ అనే జన్యువు లోపించిన ఎలుకలలో రోగనిరోధక కణాలు ప్రోస్టేట్ మీద దాడి చేస్తాయి. అయితే ఎలుకలో కనిపించే శోథ, మనిషిలో దశాబ్దాల తరబడి సాగే పెరుగుదల ఒకటే అనుకోవడం తొందరపాటే.

మనుషుల నుంచి దొరికిన ఆధారాలలో నాకు బలంగా అనిపించేది 2022లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వెలువడిన అధ్యయనం. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ వ్యాధులున్నవారిలో ప్రోస్టేట్ పెరుగుదల ఎక్కువగా ఉందనీ, వారిలో శోథను పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులు వాడినవారికి అది తక్కువగా వచ్చిందనీ అందులో తేలింది. ఇది గణాంకాలలో కనిపించిన సంబంధమే గనుక, కారణం రుజువైందని అనలేము. పైగా టీఎన్ఎఫ్‌ను అణచివేస్తే నిద్రాణమైన క్షయ తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ప్రోస్టేట్ పెరిగి మూత్రం ధార సన్నబడినంత మాత్రాన ఆ మందులు కోరదగినవి కావు. ఆటోఇమ్యూనిటీ ఈ జబ్బును మొదలుపెట్టదు, హార్మోన్ మొదలుపెట్టినదాన్ని ఎగదోస్తుందన్నది ప్రస్తుతానికి నా అంచనా.