మొదట వేస్తే చేదు, చివర వేస్తే వాసన

మా గ్యారేజీలో నేను కాచిన మొదటి బీరు ఒక్క గుక్క తాగి, "ఏంటి బావా, కషాయమా?" అన్నాడు మా బావమరిది. తప్పు నాదే. హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు; అందులో సెంటెనియల్ అనే రకం పొట్లాలు రెండు కొన్నాను, ఒక్కోటి ఔన్సు, అంటే 28 గ్రాములు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నీళ్ళు మరగగానే రెండూ కుమ్మరించి గంటసేపు కాచాను. గ్యారేజీ అంతా నారింజ తొక్క వాసన. గ్లాసులో మాత్రం చేదొక్కటే.

కొన్ని హాప్స్ చేదుకే వాడతారు, కొన్ని వాసనకే. సెంటెనియల్ రెండింటికీ పనికొస్తుంది. అయితే చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు బాగా మరిగితే గానీ దిగవు. వాసననిచ్చే నూనెలేమో మరిగితే ఎగిరిపోతాయి. చారులో కొత్తిమీర దించే ముందు వేస్తాం కదా, అదే లెక్క. పుట్టినప్పటి నుంచీ చారు తాగుతున్నా నాకది తట్టలేదు!

సెంటెనియల్ మా వాషింగ్టన్ రాష్ట్రపు పంటే. 1974లో సంకరం చేస్తే 1990కి గానీ రైతుల చేతికి రాలేదు. అంతకు ముందు ఏడాదే రాష్ట్రానికి నూరేళ్ళు నిండాయి, అందుకే ఆ పేరు. కాస్కేడ్ అనే ఇంకో రకంలో ఆల్ఫా ఆమ్లాలు 5, 6 శాతం ఉంటే ఇందులో 10 దాకా ఉంటుంది. మిషిగన్‌లోని బెల్స్ అనే బీరు కంపెనీ వాళ్ళ టూ హార్టెడ్ బీరులో హాప్స్ అంటే ఇదొక్కటే.

సెప్టెంబరులో సియాటిల్ నుంచి హాప్స్ తోటలుండే యాకిమా వెళ్ళాం. ఎత్తైన స్తంభాల మీద తీగలు, కింద నుంచి పై దాకా కొబ్బరి పీచు తాళ్ళకు చుట్టుకుని ఉన్నాయి. ఆ తాళ్ళు చూసి మా ఆవిడ "ఇవి మనవైపువేగా!" అంది. ఒక పువ్వు విరిచి చూస్తే రేకుల మొదట్లో పసుపు రంగు పొడి, వేళ్ళకు జిగురులా అంటుకుంది. చేదూ వాసనా రెండూ ఆ పొడిలోవే. భోజనం దగ్గర చెయ్యి కడుక్కున్నా పోలేదు.

రెండోసారి మూడు పొట్లాలు తెచ్చాను. ఒకటి మొదట్లో, ఒకటి దించడానికి ఐదు నిమిషాల ముందు, మూడోది పులిసిన తర్వాత చల్లటి బీరులో నాలుగు రోజులు. మూత తీయగానే పంపర పనస, కాస్త పూల వాసన.

"ఇంకా కొంచెం చేదే బావా" అంటూనే ఆరు సీసాలు కారులో పెట్టుకున్నాడు. ఖాళీ సీసాలు కడిగి తెస్తానన్నాడు. ఇంకా తేలేదు.