ఎన్‌సీవీ టెస్ట్‌లో కరెంట్ ఎందుకు పెంచుతూ పోతాం

"బొటనవేలు ఎగురుతూనే ఉంది కదండీ, ఇంకా ఎందుకు పెంచుతున్నారు?" నరంలో సంకేతం వేగాన్ని కొలిచే ఎన్‌సీవీ టెస్ట్‌కి వచ్చినవాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. మణికట్టు దగ్గర మీడియన్ నరం మీద షాక్ ఇస్తే బయటికి కనబడేది ఆ వేలు కదలడం ఒక్కటే. లోపల నరంలో వేల పోగులుంటాయి, ఏ పోగైనా స్పందిస్తే పూర్తిగా స్పందిస్తుంది, లేకపోతే లేదు. తక్కువ కరెంట్‌కి కొన్నే లేస్తాయి, పెంచేకొద్దీ మిగతావీ కలుస్తాయి, బొటనవేలి కింద కండ మీద అంటించిన ఎలక్ట్రోడ్ చూపించే గీత ఎత్తు పెరుగుతూ పోయి ఒకచోట ఆగిపోతుంది. అక్కడ ఇంకో 20 శాతం కలిపి ఇస్తాం, ఒక్క పోగూ మిగల్లేదని నమ్మకం కోసం. పాపం నొప్పి అని ముందే ఆపేస్తే గీత పొట్టిగా వస్తుంది, రిపోర్ట్‌లో అది పోగులు చచ్చిపోయినట్టే ఉంటుంది.

అన్నట్టు సూది గుచ్చేది ఈఎంజీ అనే కండరాల పరీక్ష, అది వేరే.

ఇక వేగం. మణికట్టు నుంచి కండకి దూరాన్ని టైంతో భాగిస్తే సరిపోదు, ఎందుకంటే నరం కండని కలిసే చోట కొంత టైం పోతుంది. అందుకే మోచేయి దగ్గర ఇంకో షాక్. మణికట్టు నుంచి 3.5 మిల్లీసెకండ్లు, మోచేయి నుంచి 7.5 వచ్చాయనుకోండి, తేడా 4, మధ్య దూరం 22 సెంటీమీటర్లు, అంటే సెకనుకి 55 మీటర్లు. ఆ ఆలస్యం రెండిట్లోనూ ఉంది కాబట్టి తీసివేతలో పోతుంది. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీద చేసిందీ ఈ రెండు చోట్ల లెక్కే. నరం వేగాన్ని కొలవడం కుదరదని ఆయన గురువు ముల్లర్ అనుకున్న రోజులవి!

అంత లెక్కా చివరికి టేపు పట్టిన చేతి మీద ఆధారపడుతుంది, టేపు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే వేగం రెండున్నర మీటర్లు మారుతుంది. దానికంటే పెద్ద గొడవ ఏసీ. చెయ్యి ఒక డిగ్రీ చల్లబడితే వేగం సుమారు 2 మీటర్లు పడిపోతుంది, 32 ఉండాల్సిన చర్మం 28 ఉంటే ఆరోగ్యంగా ఉన్న 55 కాస్తా 47 అయి, మామూలు హద్దు 50 కిందికి జారుతుంది. చెయ్యి చల్లగా ఉంటే వేడి చెయ్యమని మొహమాటపడకుండా అడగండి.

గీత ఎత్తు తగ్గితే ఎక్కువగా పోగులే పోయాయని, వేగం బాగా తగ్గితే పోగు చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతిందని అనుమానిస్తారు. శరీరమే తన నరాల మీద దాడి చేసే గులియన్ బారే జబ్బులో మాత్రం మొదటి వారంలో ఇవన్నీ బాగానే కనబడొచ్చు, అందుకని డాక్టర్ కొన్నాళ్లకి మళ్లీ చేయించమంటే డబ్బు కోసమే అనుకోకండి.