ఫెరిటిన్ నార్మలే, మరి ఈ నీరసం ఎక్కడిది?

పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్ జబ్బని తేలిన మొదటి ఏడాది నా ధ్యాసంతా కడుపునొప్పి మీదా, విరేచనాల మీదే. రోజుకు ఎన్నిసార్లు వెళ్లానో కూడా రాసుకునేదాన్ని. నీరసాన్ని మాత్రం పట్టించుకోలేదు. ఒంట్లో జబ్బున్నాక నీరసం ఉండదా అనుకున్నాను.

ఒకరోజు నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. నాలుగడుగులు వేశాక కిందికి చూస్తేగానీ ఆ సంగతి తెలియలేదు. ఆ అరికాలు అప్పటికే కొన్ని నెలలుగా తిమ్మిరెక్కి ఉంటోంది. అప్పుడు భయమేసింది.

అంతకుముందే హిమోగ్లోబిన్ తక్కువుందని నా అంతట నేనే ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను. మలం నల్లగా వస్తే రక్తమేమోనని ఒకటే టెన్షన్. ఐరన్ మాత్రలకు అలా రావడం మామూలేనట. కడుపునొప్పి మాత్రం నిజంగానే పెరిగింది. రెండు నెలలు మింగినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ 64 ఉంది కదా, ఐరన్‌కేం లోటు లేదని అప్పటి డాక్టరు పంపేశారు.

తర్వాత వెళ్లిన డాక్టరుగారు రిపోర్టులన్నీ బల్ల మీద పక్కపక్కనే పరిచి, "ఈ 64ని ఒక్కదాన్నే చూడకూడదమ్మా" అంటూ ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష అంకె కింద గీత గీశారు. పేగుల్లో వాపు ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. అప్పుడు 100 వరకూ ఉన్నా ఐరన్ లోపం ఉండొచ్చు. రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్ష చేయిస్తే 11 శాతమే వచ్చింది, అంటే ఐరన్ తక్కువే. పైగా వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది పేగులోంచి ఐరన్ రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటుంది. రెండు నెలలు నేను మింగినదంతా ఏమైందో అప్పుడర్థమైంది. వాపు తగ్గించే మందు మార్చి, ఐరన్‌ను నరంలోకి ఎక్కించారు.

తిమ్మిరికి కారణం బీ12 విటమిన్ లోటు. ఆ విటమిన్‌ను పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగమే, నా జబ్బూ సరిగ్గా అక్కడే. 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సిరంజిలో ఆ మందు ఎర్రగా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ కూడా తక్కువే ఉన్నా, ముందు బీ12 ఇచ్చాకే అది రాశారు. బీ12 లోటు తీర్చకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఇది తెలియక సొంతంగా మాత్రలు కొనుక్కునేవాళ్లను తలుచుకుంటే నాకు గుబులే.

విటమిన్ డి కూడా తక్కువే. స్టెరాయిడ్లు వాడాను కాబట్టి ఎముకల కోసం దాంతోపాటు కాల్షియం కూడా ఇచ్చారు.

ఐరన్ ఎక్కించిన నెలన్నరకు ఆగకుండా మెట్లెక్కగలిగాను. కాలి స్పర్శ మాత్రం చాలా నిదానంగా వస్తోంది. బొటనవేలి కొస ఇంకా మొద్దుబారే ఉంది. ఇప్పుడు రక్తపరీక్షకు వెళ్లినప్పుడల్లా ఫెరిటిన్‌తోపాటు సీఆర్‌పీ కూడా రాయమని నేనే అడుగుతున్నాను.