కావాలని పడేశాడా?

రోటర్‌డ్యామ్ ఆహోయ్ హాల్లో మాకు దొరికినవి మలుపు దగ్గరి సీట్లు. గీత దాటే చోట కూర్చోవాలని నా ఆశ. బుక్ చేసేటప్పుడు మ్యాపు సరిగ్గా చూసుకోలేదు. పక్క సీటు డచ్చాయన మాత్రం "మంచి చోటే కూర్చున్నారు, పడేవాళ్ళంతా ఇక్కడే పడతారు" అన్నాడు. 2024 మార్చి 17, ఆదివారం. ప్రపంచ షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పోటీల ఆఖరి రోజు. ఐంధోవెన్ నుంచి ట్రైన్లో గంటకు పైగా, ఆపైన మెట్రోలో జౌడ్‌ప్లెయిన్ దాకా. దారి పొడుగునా మా ఎనిమిదేళ్ళ పాప "మంచు మన కోసం కరగకుండా ఉంటుందా?" అని అడుగుతూనే ఉంది.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఐస్ హాకీ ఆడే రింకంతే ఉంటుంది, 60 మీటర్లకి 30 మీటర్లు. అందులో చుట్టు 111.12 మీటర్లు. ఎవరి లేన్ వాళ్ళకి గీసిపెట్టి ఉండదు. వెయ్యి మీటర్లంటే తొమ్మిది చుట్లు, 1500 అంటే పదమూడున్నర. నెదర్లాండ్స్‌లో స్కేటింగ్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది 400 మీటర్ల పెద్ద ట్రాకు. ఇద్దరేసి దిగుతారు, గడియారమే తీర్పు చెబుతుంది. షార్ట్ ట్రాక్‌లో గడియారం ఎవడిక్కావాలి? ముందు దాటినవాడిదే పతకం. అందుకే పెద్ద పందేల్లో మొదటి చుట్లు ఒక్కోసారి పెళ్ళి ఊరేగింపులా సాగుతాయి. ముందుండి గాలిని చీల్చే పని ఎవరికీ అక్కర్లేదు. తర్వాత ఎవడో ఒకడు బయటి నుంచి కదులుతాడు, అంతే, ఊరేగింపు కాస్తా పరుగు లంకించుకుంటుంది.

మలుపులో వాళ్ళు దాదాపు పడుకునే తిరుగుతారు. ఎడమచేతి వేళ్ళు మంచుకి ఆనుతాయి. ఆ గ్లవ్సు వేళ్ళ చివర గట్టి బొడిపెలుంటాయి, జారడానికి వీలుగా. సీటు దగ్గరగా ఉంటే ఆ బొడిపెలు మంచు మీద గీసుకునే శబ్దం వినపడుతుంది, పలక మీద బలపం కిర్రుమన్నట్టు. టీవీలో ఆ చప్పుడు నేనెప్పుడూ విన్లేదు. ఒక్కో పందెం అవగానే మనుషులొచ్చి మలుపుల్లో నీళ్ళు పోసేవాళ్ళు, బ్లేడ్లు చేసిన గాట్లు పూడి గడ్డకట్టేలా. మా పాపకి పందేలకంటే అదే నచ్చింది. "అమ్మమ్మ కళ్ళాపి చల్లుతోంది చూడు నాన్నా" అని పోసినప్పుడల్లా చూపించింది.

ఇక అసలు సంగతి. కొరియా జట్టులో ఇద్దరు. పార్క్ జీవన్, 27 ఏళ్ళవాడు, అంతకుముందు ఏడాది సోల్‌లో 1000, 1500 రెండూ గెలిచిన ఛాంపియన్. హ్వాంగ్ దేహన్, అతనికంటే చిన్నవాడు, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 1500 స్వర్ణం. ముందు రోజు శనివారం 1500 ఫైనల్ ఇంట్లో టీవీలో చూశాం. పార్క్ ముందున్నాడు. చివరి చుట్లలో ఒక మలుపులో హ్వాంగ్ లోపల్నుంచి దూరాడు, తగిలాడు. పార్క్ బయటికి కొట్టుకుపోయి అందరికంటే వెనకబడ్డాడు. హ్వాంగ్ మొదట గీత దాటాడు గానీ రిఫరీలు వీడియో చూసి అతన్ని తీసేశారు. స్వర్ణం చైనా కుర్రాడు సున్ లోంగ్‌కి పోయింది. అంటే ఒకే దేశం వాళ్ళిద్దరికీ ఏమీ మిగల్లేదు.

ఆదివారం 1000 ఫైనల్‌కి ఇద్దరూ మళ్ళీ ఒకే గీత మీద నిలబడ్డారు. మా ముందే అయింది. ఈసారి దూరింది పార్క్. లోపలి దారి దొరికింది, హ్వాంగ్‌ని దాటాడు. దాటుతున్న క్షణంలో హ్వాంగ్ చెయ్యి పార్క్ కుడి తొడకి తగిలింది. పార్క్ కాళ్ళు తేలిపోయాయి, వెల్లకిలా జారుకుంటూ వెళ్ళి పక్కనున్న మెత్తలకి కొట్టుకున్నాడు. ఆ మెత్తల చప్పుడు మెత్తగా ఉండదు, బియ్యం బస్తా లారీ మీంచి కింద పడేసినట్టు ఉంటుంది. హాలంతా ఒక్కసారి "ఓ..." అంది. హ్వాంగ్‌కి ఈసారి కూడా పెనాల్టీ. కెనడా కుర్రాడు విలియం దంజీను గెలిచాడు. పొడుగ్గా, తీరుబడిగా స్కేట్ చేస్తాడు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రోజు నేనతన్ని సరిగ్గా చూడనేలేదు.

మా పాప అడిగింది: "వాళ్ళిద్దరిదీ ఒకటే డ్రెస్సు కదా నాన్నా, మరి ఎందుకు పడేశాడు?"

పడెయ్యలేదమ్మా, తగిలింది, అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

తిరిగొచ్చేటప్పుడు ట్రైన్లో ఫోన్ తెరిస్తే కొరియావాళ్ళంతా అదే ప్రశ్న మీద కొట్టుకుంటున్నారు. కావాలని చేశాడా, లేదా? అంతకుముందు అక్టోబరులో మాంట్రియల్ వరల్డ్ కప్‌లో కూడా హ్వాంగ్ ఇతన్నే తోసి పెనాల్టీ తిన్నాడని, అది కలిపి మూడని లెక్కలు. రెండు రోజుల తర్వాత పార్క్ మెడకి పట్టీ, చేతికి కట్టుతో ఇంచన్ ఎయిర్‌పోర్టులో దిగిన ఫొటోలు వచ్చాయి. కొరియా స్కేటింగ్ సంఘం విచారించి, కావాలని చేసింది కాదని తేల్చింది. రిఫరీకి ఆ బాధ లేదు. తగిలిందా, దారికి అడ్డమొచ్చావా, అంతే. మనసులో ఏముందో అడగడు. మనకి మాత్రం అదొక్కటే కావాలి.

ఇంత గొడవ ఎందుకంటే వెనక సైన్యం ఉంది. కొరియాలో మగపిల్లలు ఆర్మీలో ఏడాదిన్నర చెయ్యాలి. ఆటగాళ్ళకి మినహాయింపు కావాలంటే ఒలింపిక్స్‌లో ఏదో ఒక పతకం, లేదా ఆసియా క్రీడల్లో స్వర్ణం. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పదిసార్లు గెలిచినా లెక్కలోకి రాదు. హ్వాంగ్‌కి ఒలింపిక్ పతకాలున్నాయి. పార్క్ రెండు ఒలింపిక్స్‌కీ జట్టులో చోటు దొరక్క, ఒక్కటీ ఆడలేదు. అతనికి మిగిలిన దారి 2025లో చైనాలోని హార్బిన్‌లో జరిగే ఆసియా శీతాకాల క్రీడలు. రోటర్‌డ్యామ్‌లో స్వర్ణం గెలిచుంటే ఆ జట్టులోకి నేరుగా వెళ్ళేవాడు. అది పోయాక ఏప్రిల్లో సెలక్షన్ పోటీలు ఆడాల్సొచ్చింది. అక్కడా 500 మీటర్ల సెమీస్‌లో హ్వాంగ్‌తో తగిలి పడ్డాడు. నమ్మబుద్ధి కాదు గానీ జరిగింది. అయినా లేచి జట్టులోకి వచ్చాడు. హ్వాంగ్‌కి ఆ ఏడు చోటు దక్కలేదు. ఆ నెలలోనే వెళ్ళి పార్క్‌ని కలిసి క్షమాపణ చెప్పాడు.

ఈ మొత్తంలో నేను ఎవరి పక్షమో రాయాలంటే ముందు మా అన్నయ్య మోచేతి మీది మచ్చ సంగతి రాయాలి.

మా ఊరు తణుకు దగ్గర. నాకు పదకొండేళ్ళు, అన్నయ్యకి పద్నాలుగు. వాడికి సొంత సైకిలు, నాది గంట అద్దెది. లాకుల దగ్గర్నుంచి రావిచెట్టు దాకా కాలవ గట్టు మీద పందెం. చాకిరేవు దగ్గర గట్టు మలుపు తిరుగుతుంది. అన్నయ్య బయటివైపు నుంచి వస్తున్నాడు. లోపల సైకిలు పట్టేంత జాగా లేదు, అది నాకు కనపడింది. అయినా దూరాను. నా హ్యాండిల్ వాడి చేతికి తగిలి వాడు రేవు రాళ్ళ మీద పడ్డాడు. ఏడు కుట్లు. అమ్మ నన్ను గుంజకి ఆనించి నిలబెట్టి ఒకటే అడిగింది, "కావాలని తోశావా?" లేదని ఒట్టేశాను. అబద్ధం కాదు. తొయ్యాలనుకోలేదు. కానీ పొరపాటున జరిగిందీ కాదు. నేను దూరితే అన్నయ్య బ్రేకు వేస్తాడనుకున్నాను. పెద్దవాడు కదా, ఎప్పుడూ వేసేవాడు కదా.

హ్వాంగ్ బుర్రలో ఏముందో నాకెలా తెలుస్తుంది? మూడుసార్లు ఒకే మనిషితో అయిందంటే ఒళ్ళు మండే మాట నిజమే, పార్క్ బదులు నాకే మండింది. కానీ "కావాలని" అనే మాటకీ "పొరపాటు" అనే మాటకీ మధ్యలో ఒక సైకిలు పట్టేంత జాగా ఉందని మాత్రం నాకు తెలుసు.

2025 ఫిబ్రవరి 8న హార్బిన్‌లో పార్క్ 1500 గెలిచాడు. సైన్యం గండం గడిచింది. ఆ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను, కాలవ గట్టు సంగతితో సహా, బ్రేకు వేస్తావనుకున్నానని కూడా. ముప్ఫై ఏళ్ళ తర్వాత చెప్తున్నాను మరి. (ఆ ఏప్రిల్లో పార్క్ మళ్ళీ సెలక్షన్‌లో వెనకబడి మిలాన్ ఒలింపిక్స్ జట్టుకి దూరమయ్యాడు, హ్వాంగ్ ఎంపికయ్యాడు. అది అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.)

అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు.

"ఒరేయ్, వేశాన్రా. పడలేదు. ముందు బ్రేకు వైరు తెగి అప్పటికి వారమైంది. చెప్తే నాన్న సైకిలు తాళం లాక్కుంటాడని ఎవరికీ చెప్పలేదు."