జోడీలు విడిపోతాయని ముందే తెలిసిన పిల్లవాడు

"ఎప్పటికైనా విడిపోవాల్సినవాళ్ళే కదా నాన్నా, ఇన్నాళ్ళు కలిసి ఉండటమే గొప్ప." పన్నెండేళ్ళ మా అబ్బాయి అన్న ఈ మాట నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది. వాడు మాట్లాడుతున్నది న్యూ డే అనే రెజ్లింగ్ జట్టు గురించి. 2024 డిసెంబరు 2న డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా రెజ్లింగ్ సంస్థ వారి 'రా' అనే వారపు కార్యక్రమంలో ఆ జట్టు పదేళ్ళ పండుగ జరిగింది. మెడ ఎముక విరిగి 2022 మార్చి నుంచి బరిలోకి దిగని మూడో సభ్యుడు బిగ్ ఈ, తన మిత్రులిద్దరి మధ్య మాటలు పెరుగుతున్న సమయంలో వచ్చి, పోటీ చేయలేకపోయినా మేనేజరుగా మీ వెంట ఉంటానన్నాడు. అంతవరకూ ఒకరినొకరు దెప్పుకుంటున్న కోఫీ కింగ్‌స్టన్, జేవియర్ వుడ్స్ ఆ క్షణంలో ఒక్కటై, కష్టకాలంలో మమ్మల్ని వదిలేసింది నువ్వేనంటూ అతణ్ణే పొమ్మన్నారు. ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క కుర్చీ లేవలేదు, అంతా మాటలతోనే అయిపోయింది. అది కల్పిత కథ అని తెలిసి కూడా నాకు కడుపులో దేవినట్టయింది. మా వాడు మాత్రం తన అంచనా ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నాడు. వుడ్స్ ఏదో ఒక రోజు కోఫీని వెనక నుంచి కొడతాడని వాడు చాలాకాలంగా చెబుతున్నాడు. ఇద్దరూ కలిసి గాయపడిన మూడోవాణ్ణి వెలివేస్తారని వాడికి తోచలేదు.

ఈ ఊహాగానాలు ఎంత శ్రద్ధగా జరుగుతాయో పిల్లలు రెజ్లింగ్ చూసే ఇళ్ళలో అందరికీ తెలుసు. మ్యాచ్‌లో గెలిచిందెవరన్నది మా వాడికి ప్రధానం కాదు. చేయి అందించాల్సిన చోట అర క్షణం ఆగిందెవరు, పొరపాటున తగిలిన దెబ్బకు క్షమాపణ చెప్పకుండా వెళ్ళిందెవరు, వరుసగా నేల కరిచి మూడు లెక్క పెట్టించుకుంటున్నదెవరు, ఇద్దరూ ఒకే రంగు దుస్తులు వేసుకోవడం ఎప్పటి నుంచి మానేశారు, ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తోంది అన్నవి వాడికి ఆనవాళ్ళు. వీడియో ఆపి, వెనక్కి జరిపి, తెర మీద వేలు పెట్టి, తాళ్ళ దగ్గర నిలబడ్డ భాగస్వామి ముఖాన్ని చూపిస్తాడు. ముందు తరాల కథలు కూడా వాడికి కంఠతా వచ్చు. హల్క్ హోగన్, రాండీ సావేజ్‌ల మెగా పవర్స్ జోడీ 1989 ఫిబ్రవరిలో ఒక మ్యాచ్ మధ్యలోనే చీలిపోయింది. సావేజ్ మీద పడటంతో వాళ్ళ మేనేజరు మిస్ ఎలిజబెత్‌కు దెబ్బ తగిలితే, హోగన్ ఆమెను ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్ళి సావేజ్‌ను బరిలో ఒంటరిగా వదిలాడు. ఆ చీలికకు విత్తనాలు ఎన్ని నెలల ముందు నుంచి పడ్డాయో వాడు వరుసగా చెప్పగలడు. 1992 జనవరిలో షాన్ మైకేల్స్ తన జోడీ మార్టీ జానెట్టీని తన్ని మంగలి దుకాణం సెట్టులోని అద్దంలోంచి విసిరేసిన తర్వాత అభిమానులకు ప్రతి జంట విషయంలోనూ ఒకే ప్రశ్న మిగిలింది: వీళ్ళలో షాన్ ఎవరు, మార్టీ ఎవరు? అంటే విడిపోయాక ఎవరు శిఖరం ఎక్కుతారు, ఎవరు మరుగున పడతారు అని. పెద్ద బెల్టు ఒంటరివాడికే దక్కుతుంది కనుక, జనం కేకలు ఒకరికి కాస్త ఎక్కువగా వినిపించడం మొదలైన రోజే ఆ జోడీకి నూకలు చెల్లినట్టని వాడి సిద్ధాంతం.

నా బాధంతా ఈ సిద్ధాంతంతోనే. కొట్లాటలు చూస్తే పిల్లలు పాడవుతారన్న మాట నేను పైకి అంటాను గానీ, ఆ మాట అనే అర్హత నాకు లేదు. తెనాలిలో నా చిన్నతనమంతా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈకి అప్పటి పేరు) ట్రంప్ కార్డుల మీద గడిచింది. అన్నయ్యకూ నాకూ కలిపి ఒకే కట్ట ఉండేది. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, ఆడిన పోరాటాలు, గెలిచిన పోరాటాలు అన్నీ ఆ అట్టముక్కల మీద ఉండేవి. వాడివాడి అంచులు నలిగి గుండ్రబడి, పైన ఎవరి కార్డు ఉందో వెనక నుంచే పోల్చుకోగలిగేవాళ్ళం. పక్క వీధి పిల్లలతో ఆడేటప్పుడు అన్నయ్య వెనక నుంచి నా చేతిలోని కార్డు చూసి, ఏ అంకె పిలవాలో నా వీపు మీద వేలితో చెప్పేవాడు. మేము ఏ కథనూ ముందుగా ఊహించలేదు. తెర మీద ఎవరు ఎవరిని మోసం చేసినా అది అప్పటికప్పుడు జరిగిన ఘోరమే అనుకునేవాళ్ళం, వారమంతా కోపంగా ఉండేవాళ్ళం. మోసాన్ని ముందే లెక్కగట్టి, అది జరిగినప్పుడు సరిగ్గా చెప్పానని సంతోషించడం నాకు అలవాటు లేని పని. మనుషులు కలిసి ఉండగలరని నమ్మాల్సిన వయసులో, విడిపోవడమే నియమమని, కలిసి ఉండటం వాయిదా మాత్రమేనని ఒక పిల్లవాడు స్థిరపరచుకుంటే ఆ నమ్మకం ఎంతదూరం వెళుతుందో నాకు భయం.

న్యూ డే విషయంలో ఆ భయం రెట్టింపు కావడానికి కారణముంది. కోఫీ ఘనాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా వచ్చినవాడు. మొదట్లో అతణ్ణి జమైకావాడిగా చూపించారు, తర్వాత ఆ వేషం తీసేసి సొంత దేశం పేరుతోనే నిలబడ్డాడు. 2019 ఏప్రిల్ 7న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో, ఏటా జరిగే అతి పెద్ద పోటీ రెజిల్‌మేనియా 35లో, అతడు డేనియల్ బ్రయన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. ఆ అవకాశం అతనికి దక్కడం కోసం బిగ్ ఈ, వుడ్స్ ఇద్దరూ ఒక జట్టు తర్వాత ఒక జట్టుతో పోరాడి గెలిచారు. బిగ్ ఈ ఈర్ష్యతో వెన్నుపోటు పొడుస్తాడని అభిమానులు ఎన్నో రకాలుగా ఊహించారు. అది జరగలేదు. ఒకడు పైకి వెళితే మిగిలిన ఇద్దరూ కింద నుంచి భుజం పట్టడం మా అబ్బాయి చాలా చిన్న వయసులో చూశాడు, ఆనాడు నేనే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. మన పిల్లలకు ఈ అమెరికాలో అలాంటి దృశ్యం ఒకటి దొరికిందని నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. అదే జట్టు అయిదేళ్ళ తర్వాత అలా ముగిస్తే వాడు ఏమాత్రం చలించకపోవడం నాకు మింగుడుపడలేదు.

వాడికి నిజమైన ఆసక్తి బ్లడ్‌లైన్ అనే కుటుంబ జట్టు కథ మీద. ఈ విషయంలో మా ఇద్దరి వాదన చాలాకాలంగా సాగుతోంది. సమోవా మూలాలున్న అనోవాయి కుటుంబంలో రోమన్ రెయిన్స్ పెద్ద. మెడలో ఎర్రని ఊలా ఫాలా హారం వేసుకుని, కుటుంబంలో ప్రతి ఒక్కరూ తన పెద్దరికాన్ని నోరారా ఒప్పుకోవాలంటాడు. ఆ ఇంట్లోనే కవలలు జిమ్మీ ఊసో, జే ఊసో ఉన్నారు. 2020 అక్టోబరులో జరిగిన పోటీలో రోమన్, జే అన్న అయిన జిమ్మీ పీక పిసుకుతుంటే చూడలేక జే ఓటమి ఒప్పుకుని, అతనికి లొంగి, అతని చెప్పుచేతల్లో బతికాడు. తర్వాత 2022లో బయటివాడైన సామీ జైన్ ఆ ఇంట చేరాడు. కెనడాలోని లావాల్‌లో సిరియా దంపతులకు పుట్టిన ఈ మనిషి, వాళ్ళ అభిమానం కోసం తన పాత నేస్తం కెవిన్ ఓవెన్స్‌ను సైతం దెబ్బతీశాడు. చివరకు 2023 జనవరి 28న రాయల్ రంబుల్ పోటీల రాత్రి, కట్టేసి ఉన్న ఓవెన్స్‌ను కుర్చీతో కొట్టమని రోమన్ ఆజ్ఞాపిస్తే, సామీ ఆ కుర్చీతో రోమన్‌నే కొట్టాడు. అందరూ సామీ మీద పడ్డారు. జే మాత్రం చేయి ఎత్తలేక బయటికి నడిచి వెళ్ళిపోయాడు.

ఉప్పు తిన్న ఇంటిమీద చేయెత్తడం తప్పని నేనంటాను. చేయెత్తకుండా వెళ్ళిపోవచ్చు కదా, జే చేసినట్టు? వాడు ఒప్పుకోడు. పెద్దవాణ్ణి ఎవరూ ప్రశ్నించని ఇంట్లో వెళ్ళిపోవడం కూడా ఒక దెబ్బేనని, కనుక ఎవరో ఒకరు కుర్చీ ఎత్తక తప్పదని వాడి వాదన. పెద్దరికం గురించి మేము వీడికి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. పండుగకు ఫోనులో నమస్కారం పెట్టమంటాం, ఎదురు చెప్పవద్దంటాం, అదే నోటితో బడిలో మాత్రం ధైర్యంగా నీ అభిప్రాయం చెప్పమంటాం. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయో నేను వాడికి ఏనాడూ విడమరచి చెప్పలేదు. ఆ చిక్కుముడిని వాడు రోమన్ రెయిన్స్ ఇంట్లో విప్పుకుంటున్నాడు.

నేను వాలిసుగ్రీవుల కథ ఎత్తుకున్నది అందుకే. అన్నదమ్ములు ఎలా విడిపోతారో మన కథల్లోనూ ఉందని చూపాలనుకున్నాను. మాయావిని తరుముతూ వాలి బిలంలోకి వెళ్ళడం, తమ్ముణ్ణి ద్వారం దగ్గర కాపలా ఉంచడం, ఏడాది గడిచాక నురగతో నెత్తురు బయటికి రావడం, అన్న చనిపోయాడనుకుని సుగ్రీవుడు కొండరాయి అడ్డం పెట్టి వెళ్ళిపోవడం వరకు చెప్పాను. వాడు నన్ను ఆపి, "రాయి పెట్టే ముందు వాలి గొంతు వినిపించిందా?" అని అడిగాడు. రాక్షసుల అరుపులే వినిపించాయి, అన్న గొంతు వినిపించలేదన్నాను. "అయితే లోపలికి వెళ్ళి చూడాల్సింది. ఇది పూర్తి టర్న్ కాదు, సగం టర్న్" అన్నాడు. టర్న్ అంటే రెజ్లింగ్ భాషలో తనవాళ్ళ మీద తిరగబడటం. 2023 ఆగస్టులో సమ్మర్‌స్లామ్ పోటీలో జిమ్మీ వచ్చి, రోమన్ మీద గెలుస్తున్న తమ్ముడు జేని కాలు పట్టి లాగేసి, నువ్వూ రోమన్‌లా మారిపోతావన్న భయంతోనే చేశానని తర్వాత చెప్పుకున్నాడు కదా, అదీ ఇలాంటిదేనట. 2024 ఏప్రిల్‌లో ఆ కవలలు రెజిల్‌మేనియాలో ఒకరితో ఒకరు తలపడ్డారు, ఆ ఏడాది చివరికి మళ్ళీ కలిశారు. వాలిసుగ్రీవులకు ఆ అవకాశం రాలేదని నేనంటే, వాలి ఒక్క మాట అడిగి ఉంటే వచ్చేదని హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య కొడుకు వాట్సాప్‌లో రాశాడని చెప్పాడు. తమ్ముడి కొడుకు తమ్ముణ్ణి తప్పుపట్టాడు, అన్న కొడుకు అన్నను తప్పుపట్టాడు. నాకు ఆ పూట ఇంకేమీ మాట్లాడాలనిపించలేదు.

ఆ పిల్లలిద్దరూ ఈ విషయంలో విడదీయరాని జోడీ. ఇక్కడ శుక్రవారం రాత్రి డబ్ల్యూడబ్ల్యూఈ వారి మరో కార్యక్రమం స్మాక్‌డౌన్ వస్తుంటే అక్కడ శనివారం తెల్లవారుతుంది. పెద్దవాడు కాలేజీకి బయలుదేరేలోగా ఇద్దరూ ఫోనుల్లో ఒకటే వాదులాట. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగినప్పుడు వాడు వెళ్ళి, ఓవెన్స్, సామీ జైన్ ఇద్దరూ కలిసి ఇండస్ షేర్ జట్టుతో తలపడటం కళ్ళారా చూసి, ఊగుతున్న చేతితో తీసిన వీడియోలు మా వాడికి పంపాడు. అందులో ఈలలకన్నా గట్టిగా వాడి గొంతే వినిపిస్తుంది. ఓవెన్స్ ఈసారి ఎప్పుడు తిరగబడతాడో ఇద్దరూ ఆ రాత్రే పందెం కాసుకున్నారు. ఆ వీడియో మా వాడు ఇప్పటికీ చెరపలేదు.

ఆ పిల్లల తండ్రులు మాత్రం మాట్లాడుకోరు. నాన్నగారు పోయాక పొలం విషయంలో మాటామాటా వచ్చింది. ఎవరిది న్యాయమన్నది ఇక్కడ రాయవలసిన సంగతి కాదు, నా పట్టుదల నాకుంది. పిల్లల ముందు మేము ఎన్నడూ ఆ ఊసెత్తలేదు కనుక వాళ్ళకు తెలియదనుకున్నాను. మొన్న వాడు చాలా మామూలుగా, "అన్నా నేనూ మీ గురించి కూడా చూస్తున్నాం" అన్నాడు. తెర మీద నేను కనిపించగానే పెదనాన్న కుర్చీలోంచి లేచి వెళతాడని, నాకు చెప్పాల్సినది నాయనమ్మతో చెప్పిస్తాడని, గృహప్రవేశం ఫోటోలో ఇద్దరం చెరో చివర నిలబడ్డామని వాడు ఏకరువు పెట్టాడు. రింగు పక్కన నిలబడ్డ భాగస్వామి ముఖాన్ని చదివిన కళ్ళతోనే నా ముఖాన్నీ చదివాడు. ఈ చూపు పిల్లల్ని కఠినంగా మారుస్తుందని ఇంతకాలం వాదించిన నేను, అదే చూపు వాణ్ణి మా ఇంటి గాయం దగ్గరికి తీసుకువచ్చిందని ఒప్పుకోవాలో, లేక మమ్మల్ని కూడా వాడు విడిపోవాల్సిన మరో జోడీగా లెక్కవేశాడని దిగులుపడాలో తెలియడం లేదు. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు వాళ్ళ ఊహలు వినండి, కొట్టిపారేయకండి అని చెబుదామని మొదలుపెట్టాను. వింటే ఇలాంటివి కూడా వినాల్సి వస్తుంది.

"అయితే మీ ఇద్దరి అంచనా ఏమిటి? మేము కలుస్తామా?" అని అడిగాను. వాడు చెప్పనన్నాడు. వాళ్ళమ్మ అడిగినా చెప్పలేదు. నాకు చెబితే నేను దానికి తగ్గట్టు నడుచుకుంటానని, అప్పుడు అది నిజమో కాదో వాళ్ళకు తెలియదని అన్నాడు. కావాలంటే పెదనాన్ననే అడగమన్నాడు, అన్న ఆయనకు కొంత చెప్పాడట.